పోలిక చెరువుకు దొంగచాటుగా పెట్టిన వెల్లుల్లి

మత్స్యశాఖ అధికారి గారి సముఖమునకు,

కాలువ చివర రెండు చెరువుల్లో చేపలు పెంచుకుంటున్న వాడు, పూర్వం కళాశాలలో గణాంకశాస్త్రం బోధించిన వాడు సమర్పించుకొను అర్జీ.

విషయం: చేపల మొప్ప పురుగు నివారణకై వెల్లుల్లి, బొప్పాయి గింజలు కలిపిన మేతపై జరిగిన పరీక్షను "ప్రభావం లేదు" అని ముగించిన ఉత్తర్వును రద్దు పరచుట గురించియు, సదరు ముగింపునకు కారకురాలైన మా అత్తగారిపై ఎట్టి చర్యయు తీసుకొనకుండుట గురించియు.

అయ్యా,

సందర్శకులు క్లుప్తంగా మాట్లాడవలెనని తమ కార్యాలయం గోడ మీద రాసి ఉన్నది. కావున పొగడ్తలు విడిచిపెట్టి నేరుగా సంగతిలోకి వస్తున్నాను.

1. పై రెండు చెరువులూ నా భార్యవి. ఆమెకు తండ్రి నుంచి వచ్చాయి. పదవీ విరమణ చేసిన నాటి నుంచి నేను గట్టు మీద కుర్చీ వేసుకుని కూర్చునే హోదాలో ఉండేవాడిని. చేపల విషయంలో నా అభిప్రాయం ఎవరూ అడిగేవారు కారు. ప్రస్తుత పరీక్షకు దరఖాస్తు పెట్టినది కూడా ఆమే. పరీక్ష సగంలో ఉండగా ఆమె జబ్బు చేసి చనిపోయింది. మిగతా సగం నేను నడిపాను. ఈ సంగతి తమ కార్యాలయానికి అప్పుడే తెలియపరచడమైనది.

2. మొప్ప పురుగు అంటే ఏమిటో తమకు చెప్పవలసిన పని లేదు. అయితే ఈ అర్జీ తమ బల్ల మీదికి చేరేలోపు చేపను కంచంలో తప్ప మరెక్కడా చూడని పలువురి చేతులు మారుతుంది గనుక, వారి నిమిత్తం రెండు మాటలు. ఇది కంటికి ఆనని పురుగు. చేప మొప్పలకు కరుచుకుని ఉంటుంది. పట్టినది కొద్దిగా అయితే చేప ఒళ్ళు గట్టుకేసి రుద్దుకుంటుంది. ఎక్కువైతే ఊపిరాడక నీళ్ళ మీదికి వచ్చి నోరు తెరుస్తుంది. ఆ తరువాత తెరవదు.

దీనికి అందరూ చేసేది చెరువు నీళ్ళలో మందు కలపడం. పురుగు చస్తుంది. దానితో పాటు నీళ్ళలో ఉన్న సన్నజీవాలన్నీ చస్తాయి. చేపలు బెదిరి మేత ముట్టవు. అవి తేరుకునేలోపు పురుగు తిరిగి వస్తుంది. నా భార్య చాలా ఏళ్ళు ఇదే చేసి విసిగిపోయింది. జలుబు చేసిన మనిషికి ఇల్లంతా మందు చల్లినట్టుంది ఈ వైద్యం అనేది. నీళ్ళకు కాదు, చేపకే మందు పెట్టాలని పట్టుపట్టింది.

3. ఆమె తయారు చేసిన మేత వివరములు. వెల్లుల్లి ముద్దగా రుబ్బాలి. బొప్పాయి గింజలు ఎండబెట్టి పొడి కొట్టాలి. రెండూ కాస్త నూనెతో కలిపి మామూలు గుళికల మేతకు పట్టించి నీడలో ఆరబెట్టాలి. రాయడానికి ఇంతే. పాళ్ళు కుదరడానికి చాలా కాలం పట్టింది. మొదట్లో గింజల పొడి ఎక్కువై చేదెక్కితే చేపలు నోట్లో వేసుకుని బయటికి ఊసేవి. చేప ఊయగలదని నాకు అప్పుడే తెలిసింది. ఆ రోజుల్లో ఆమె ప్రతి విడత మేతనూ ఒక గుళిక తన నోట్లో వేసుకుని చూసేది. అదేం పని అని ఒకసారి అడిగాను.

"నేను నోట్లో పెట్టుకోలేనిది వాటి నోట్లో ఎలా పెడతానండీ?" అంది.



ఇంకొక సంగతి. రుబ్బడం మా వంటింట్లోనే జరిగేది. ఇల్లంతా వెల్లుల్లి వాసన. పరుపుకు వాసన, పుస్తకాలకు వాసన. మా ఇంటికి వచ్చిన పోస్టుమాను ఉత్తరం గుమ్మం బయటి నుంచే చాచి అందించేవాడు. నేను రోజూ సణుగుతూ కిటికీలన్నీ తెరిచేవాడిని. ఇప్పుడు తెరవడం లేదు. ఇది ఫిర్యాదు కాదు. పరిస్థితిని నమోదు చేస్తున్నాను.

పక్క చెరువు ఆసామి గట్టు మీద నిలబడి వెక్కిరించేవాడు.

"ఏం వదినా, చెరువులోనే కూర వండేస్తున్నావా?"

"ఉడికాక పిలుస్తాలే. ముందు నీ చేపల గోకుడు సంగతి చూసుకో," అనేది నా భార్య.

ఆ మరుసటి ఏడు అతను వెనక గుమ్మం నుంచి వచ్చి ఒక బుట్టెడు మందు మేత పట్టుకెళ్ళాడు. బుట్ట మీద గుడ్డ కప్పుకుని వెళ్ళాడు.

4. ఈ మేతకు తమ శాఖ అనుమతి ఉంటే నలుగురూ భయం లేకుండా వాడుకుంటారని ఆమె దరఖాస్తు పెట్టింది. పరీక్ష ఎలా చేయాలో తమ శాఖ వారు నన్నే రాసి ఇమ్మన్నారు. రాసి ఇచ్చాను. రెండు చెరువులకూ ఒకే కాలువ నీరు, ఒకే ఈడు చేప పిల్లలు. ఒక చెరువుకు మందు కలిపిన మేత. దీనిని మందు చెరువు అందాము. రెండో చెరువుకు మందు లేని మామూలు మేత. దీనిని పోలిక చెరువు అందాము. రెండింటిలోనూ పురుగు ఎంత ఉన్నదో అప్పుడప్పుడు చూసి సరిపోల్చాలి. తేడా ఉంటే మందు పని చేసినట్టు.

ఇది ఇంట్లో వివరించిన సందర్భం ఇప్పుడు ముఖ్యమైనందున ఇక్కడ పొందుపరుస్తున్నాను. భోజనాల దగ్గర చెప్పాను. నా భార్య విని తల ఊపింది. మాతోనే ఉంటున్న అత్తగారు, అనగా ఆమె తల్లి, ఆ పక్కనే వెల్లుల్లి వలుస్తూ ఉన్నారు. ఆమె ఒకటే అడిగారు.

"రెండో చెరువుకి ఎప్పుడు పెడతారు బాబూ?"

పెట్టము అని చెప్పాను. ఎందుకు పెట్టమో చాలాసేపు చెప్పాను. కళాశాలలో దీనికి ఒక పాఠం పట్టేది. ఆ రోజు అంతకన్నా ఎక్కువే పట్టింది. అత్తగారు వెల్లుల్లి వలవడం ఆపకుండా అంతా విన్నారు. తిరిగి ఏమీ అనలేదు. సదరు మౌనాన్ని అంగీకారంగా పరిగణించడం జరిగింది.

5. తమ శాఖ తరఫున పరీక్షాధికారి గారు వచ్చేవారు. మెడలో ఎప్పుడూ భూతద్దం వేలాడుతుంది గనుక చెరువుల మీద అందరూ ఆయనను భూతద్దం గారు అంటారు. ఎగతాళికి కాదు. అసలు పేరు ఎవరూ అడగలేదు, అంతే. ఆయన వల వేయించి, పట్టిన చేపల మొప్ప ముక్క తీసి, మైక్రోస్కోపు కింద చూసేవారు. మొదటి తనిఖీ నాటికి నా భార్య ఉంది. మందు చెరువులో పురుగు తగ్గింది, పోలిక చెరువులో దండిగా ఉంది. ఆమె ఆ రోజు ఆయనకు రెండుసార్లు టీ ఇచ్చింది.

రెండో తనిఖీ నాటికి ఆమె లేదు. ఆ రోజు ఆయన పోలిక చెరువు చేపలను చూసి మళ్ళీ చూసి, అద్దం తుడిచి మళ్ళీ చూశారు.

"ఈ చెరువు దానంతటదే బాగుపడిపోతోంది సార్. చిత్రంగా ఉంది," అన్నారు.

నాకు ఆ రోజుల్లో ఏదీ చిత్రంగా తోచేది కాదు. సరే అన్నాను. చివరి తనిఖీకి రెండు చెరువులూ ఒకటే తీరు. పురుగు రెంటిలోనూ అంతంత మాత్రం.

6. అందుమీదట తమ ఉత్తర్వు వచ్చినది. అందులో చెప్పినవి: రెండు చెరువుల మధ్య తేడా లేదు కావున మందు మేతకు ప్రభావం లేదు, మందు మేత తక్షణం నిలిపివేయవలెను, తదుపరి పురుగు కనిపించినచో నీటిలో కలిపే మందునే వాడవలెను, దరఖాస్తుదారు మరణించినందున పునఃపరిశీలనకు అవకాశం లేదు.

మొదటి వాక్యంలో తర్కం దోషరహితమని ఒప్పుకుంటున్నాను. నా విద్యార్థి ఎవరైనా అలా రాసి ఉంటే పూర్తి మార్కులు వేసేవాడిని. చివరి వాక్యం గురించి తమ కార్యాలయానికి స్వయంగా వచ్చి విచారించాను. తమ గుమస్తా గారు మర్యాదస్తులు. కుర్చీ చూపించి, ఫైలు తిరగేసి, "మేడం ఒకసారి వచ్చి సంతకం పెడితే తెరవొచ్చండీ," అన్నారు. ఆమె చనిపోయినందువల్లనే ఫైలు మూశారని గుర్తు చేశాను. ఆయన మళ్ళీ ఫైలు చూసి, "అవునండీ, అదే కారణం రాసుంది," అన్నారు. ఫైలు నా వైపు తిప్పి ఆ వరుస చూపించారు కూడా. ఆయన తప్పేమీ లేదు.

నేను కోరేది పెద్దది కాదు. అనుమతి రావాలి. అది ఆమె పేరు మీద రావాలి. ఆమె చేసిన పని పనికిరానిదని ప్రభుత్వ ముద్ర వేసిన కాగితం ఒకటి లోకంలో ఉండకూడదు. ఈ అర్జీ మొత్తంలో నాకు కావలసినది ఇంతే. మిగిలినదంతా అందుకు ఆధారం.

7. ఇక అసలు ఆధారమునకు వచ్చుచున్నాను.

ఉత్తర్వు ప్రకారం మందు చెరువుకు మందు మేత ఆపి మామూలు మేత వేయసాగాను. ఆ సంగతి అత్తగారికి చెప్పలేదు. కూతురి మేతను ఆఫీసు వాళ్ళు పనికిరాదన్నారని చెప్పడానికి నోరు రాలేదు. ఆమె ఎప్పటిలాగే వెల్లుల్లి వలిచి ఇచ్చేవారు. నేను ఎప్పటిలాగే రుబ్బి, కలిపి, ఆరబెట్టి, మేత పెట్టెలో పోసి మూత పెట్టేవాడిని. చెరువులో మాత్రం వేసేవాడిని కాను. ఇది ఆమె బాధపడకుండా ఉండడానికి చేస్తున్నానని అనుకునేవాడిని.

రోజూ పోస్తున్నా ఆ పెట్టె ఎన్నడూ నిండలేదు. గణాంకశాస్త్రం చెప్పిన వాడికి ఇది తట్టకపోవడం గురించి తమరు ఏమనుకున్నా అభ్యంతరం లేదు. అంతకు ముందు పరీక్ష జరుగుతున్న కాలంలోనూ మందు మేత నా లెక్క కన్నా ముందే అయిపోయేది. ఎలుకలనుకుని బోను పెట్టాను. ఎలుక పడలేదు. తెలివైన ఎలుక అనుకున్నాను.

మధ్యాహ్నం భోజనమయ్యాక నేను కాసేపు పడుకుంటాను. ఆ రోజు నిద్ర పట్టక, కాలువ తూము దగ్గర చెత్త తీయడానికి గట్టు మీదికి వెళ్ళాను. అత్తగారు గొడుగు వేసుకుని నాకు ముందుగా నడుస్తున్నారు. రెండో చేతిలో ఏమీ లేదు. ఆమె నడుస్తుంటే పోలిక చెరువు చేపలు ఒడ్డు వెంబడి, ఆమె పక్కనే, గుంపుగా సాగి వస్తున్నాయి. ఆమె ఆగితే ఆగుతున్నాయి. కదిలితే కదులుతున్నాయి. రోజూ రెండు పూటలా మేత వేసే నా మొహం చూసి అవి ఏనాడూ అంత దూరం రాలేదు.

"అత్తయ్యా, ఈ చేపలు మీ వెనకాలే ఎందుకొస్తున్నాయి?"

"నన్నడుగుతారేంటి బాబూ. వాటినడగండి."

"పొద్దున మేత వేశాను కదా."

"మేత వేశారు. మందు వేయలేదుగా."

నేను అక్కడే గట్టు మీద కూర్చుని విచారణ మొదలుపెట్టాను. ఆమె గొడుగు నా మీదికి పట్టారు. విచారణలో తేలినది ఏమనగా, నేను పడుకున్న వేళ ఆమె ఒక గిన్నెడు మందు మేత గొడుగు మడతలో పోసుకుని వచ్చి, పోలిక చెరువు దగ్గర గొడుగు విప్పేవారు. గొడుగు విప్పడంలో తప్పు పట్టేందుకు ఎవరికీ ఏమీ లేదు. మేత మాత్రం నీళ్ళలో పడేది. ఆ రోజు నేను వచ్చేసరికే ఆ పని అయిపోయింది.

ఎప్పటి నుంచి అని అడిగాను. కూతుర్ని ఆసుపత్రిలో చేర్చినప్పటి నుంచి అన్నారు. ఎందుకు చేశారని అడిగాను. ఆమె ఇచ్చిన వాంగ్మూలం యథాతథంగా పొందుపరుస్తున్నాను.

"అక్కడ డాక్టర్లు ఇంక ఇవ్వడానికి మందు లేదన్నారు బాబూ. సరే, లేదు. ఏం చేస్తాం. ఇక్కడ ఉంది కదా. పెట్టెడు ఉంది. ఉన్న మందు పక్కన పెట్టుకుని, జబ్బుతో ఉన్నవాటిని చూస్తూ లెక్క రాసుకోమన్నారు మీరు. మీరు చదువుకున్నారు, రాసుకోండి. నా వల్ల కాలేదు."

వాంగ్మూలం ముగిసినది.

కాసేపటికి ఆమె మందు చెరువు వైపు చూసి, అటువైపువి గట్టుకేసి రుద్దుకుంటున్నాయేం అని అడిగారు. ఇక దాచి లాభం లేదని, ఉత్తర్వు సంగతి, మందు ఆపిన సంగతి చెప్పాను. అయ్యా, నేను నా సర్వీసులో ముగ్గురు ప్రిన్సిపాళ్ళ చేత చీవాట్లు తిన్నాను. ఆ రోజు తిన్నవాటి ముందు అవి లెక్కలోకి రావు.

"మీరు ఆపేశారా? అటువైపు మీరు చూసుకుంటున్నారన్న ధైర్యంతోనే కదా నేను ఇటువైపు చూసుకుంటున్నది. చెప్పొద్దూ? అల్లుడు గారని ఊరుకుంటున్నాను."

ఊరుకోలేదు. సాయంత్రం దాకా సాగింది.

8. కావున ప్రస్తుత స్థితి ఏమనగా: తమ ఉత్తర్వును పాటించినందువల్ల మందు చెరువుకు మందు లేదు. మా అత్తగారు ఎవరి ఉత్తర్వునూ పాటించనందువల్ల పోలిక చెరువుకు మందు ఉంది. మందు మానిన చెరువులో చేపలు గోక్కుంటున్నాయి. మందు తింటున్న చెరువులో చేపలు షికారు చేస్తున్నాయి. అనగా మేము తలపెట్టిన పరీక్షే తలకిందులుగా, ఇంట్లో ఇద్దరికీ తెలియకుండా, నియమం తప్పకుండా జరిగిపోతున్నది. నేను ఆమెకు తెలియకుండా ఆపాను, ఆమె నాకు తెలియకుండా పెట్టారు. ఎవరూ ఫలితాన్ని కోరి తారుమారు చేయని పరీక్ష ఎలా ఉండాలో పాఠంలో చెప్పేవాడిని. ఇంత శుద్ధంగా జరిగినది నేను పుస్తకాల్లో కూడా చూడలేదు.

అంతే కాదు. పోలిక చెరువు "దానంతటదే" బాగుపడసాగినది అత్తగారు గొడుగు విప్పడం మొదలుపెట్టిన తరువాతనే. భూతద్దం గారు చూసిన చిత్రం అదే. తేడా లేకపోవడానికి కారణం మందు పని చేయకపోవడం కాదు. రెండు చెరువుల్లోనూ పని చేయడం.

9. ఈ రుజువు చెడిపోకుండా కాపాడుటకు, నీటిలో కలిపే మందు ఇంకా వాడకుండా ఆగడమే గాక, నేను చేపట్టిన చర్యలు:

(అ) అత్తగారు మందు చెరువుకు కూడా వేసేయకుండా మందు మేత పెట్టెను బీరువా మీద పెట్టాను. అత్తగారికి అందదు. మరునాడు పక్క చెరువు ఆసామి దానిని కిందికి దించుతూ కనిపించాడు. పెద్దావిడ అడిగారన్నాడు.

(ఆ) పెట్టెను సదరు ఆసామి ఇంట్లోనే భద్రపరచమని అప్పగించాను. సాయంత్రానికి అతనే మోసుకుని తెచ్చాడు. "మా ఇంటికొచ్చి గుమ్మంలో కూర్చుంది అన్నయ్యా. ఏమీ అడగలేదు. కూర్చుంది, అంతే. నేనెంతసేపు ఓర్చుకోను?" అన్నాడు.

(ఇ) చివరకు కూర్చుని మాట్లాడుకున్నాము. భూతద్దం గారు వచ్చి రెండు చెరువుల మొప్పలూ చూసే వరకు మందు చెరువులో ఒక్క గుళిక వేయనని అత్తగారు మాట ఇచ్చారు. ఆమె మాట తప్పే మనిషి కాదు. అయితే పోలిక చెరువుకు మానమని నేను అడగకూడదు. అడగలేదు. ఇంకొక షరతు, ఆయన త్వరగా రావాలి. త్వరగా అంటే ఎప్పటికి అని అడిగితే, అవి నోళ్ళు తెరిచేలోపు అన్నారు.

10. కావున ప్రార్థన:

(అ) భూతద్దం గారిని ఈ వారంలోనే మైక్రోస్కోపుతో సహా పంపించి, రెండు చెరువుల చేపలనూ చూడనిచ్చి, ముగింపు ఉత్తర్వును రద్దు చేయగలరు.

(ఆ) మరణించిన దరఖాస్తుదారు సంతకం చేయవలసిన చోట ఆమె భర్త సంతకాన్ని స్వీకరించగలరు. అనుమతి మాత్రం ఆమె పేరు మీదనే ఇప్పించగలరు. నా పేరు అందులో ఎక్కడా అక్కరలేదు.

(ఇ) పరీక్ష నియమాలు ఉల్లంఘించిన వారికి నోటీసు ఇచ్చే పద్ధతి ఉన్నదని విన్నాను. మా అత్తగారికి ఇవ్వవద్దని మనవి. ఇచ్చి తీరవలసినదే అయితే కుడి చెవి వైపు నిలబడి గట్టిగా చదివించగలరు. ఎడమ చెవికి వినిపించదు. చదివిన వారికి ఆమె వెల్లుల్లి వలిచే పని అప్పగిస్తారు. అందుకు నేను బాధ్యుడిని కాను.

పై సంగతులన్నీ నిజమని, చేపలు అందుకు సాక్షులని చిత్తగించవలెను.

తమ విధేయుడు,
దరఖాస్తుదారు భర్త

తాజా కలం: పైనంతా నిన్న రాసి సంతకం చేసి కవరులో పెట్టాను. ఈ ఉదయం పోస్టు చేయడానికి బయలుదేరి, దారే గనుక గట్టు మీదుగా వెళ్ళాను. మందు చెరువులో చేపలు పైకి వచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి. అన్నీ కాదు. తూము దగ్గర కొన్ని.

అత్తగారు నా కుర్చీలో, ఆ చెరువుకు వీపు పెట్టి కూర్చుని ఉన్నారు. మాట ఇచ్చినందున అటు చూడడం లేదు. ఎంతసేపటి నుంచి అలా కూర్చున్నారో అడగలేదు.

రుజువుకు ఇంతకన్నా మంచి సమయం దొరకదని నాకు తెలుసు. భూతద్దం గారు రేపో ఎల్లుండో వచ్చి ఆ మొప్పలు చూస్తే ఇక వాదన అక్కరలేదు. నా భార్య మేతకు అనుమతి వచ్చినట్టే. ఇదంతా గట్టు మీద నిలబడి సరిగ్గానే ఆలోచించాను. ఆలోచన పూర్తయ్యాక ఇంట్లోకి వెళ్ళి పెట్టె తెచ్చి, మందు చెరువులో మందు నేనే వేశాను. ముందు అవి కదల్లేదు. తరువాత వాసన పట్టి ఒకటొకటే వచ్చాయి.

అత్తగారు వెనక్కి తిరగకుండానే, "ఆఫీసు వాళ్ళకేం చెప్తారు బాబూ?" అన్నారు.

"జరిగింది చెప్తాను అత్తయ్యా."

"చెప్పండి. మొత్తం వేసేయకండి, ఇటువైపుక్కూడా ఉంచండి."

కావున తమ ఉత్తర్వును ఉల్లంఘించిన వారు ఇప్పుడు ఇద్దరు. రెండు చెరువుల్లోనూ మందు ఉంది. తేడా మళ్ళీ పోతుంది. తమరు భూతద్దం గారిని పంపినా ఆయన చూడడానికి ఏమీ ఉండదు.

అందుచేత పదవ పేరా (అ)ను ఉపసంహరించుకుని దాని బదులు ఇది కోరుతున్నాను. తమ కార్యాలయం వెనక సిమెంటు తొట్టెలు ఖాళీగా ఉన్నాయి. నేను వచ్చినప్పుడు చూశాను. పరీక్ష మళ్ళీ మొదటి నుంచి అక్కడ పెట్టించండి. చేపలను తెచ్చి ఇస్తాను. మేత రుబ్బి తెచ్చి ఇస్తాను. ఎంతకాలమైనా తెస్తాను. పోలిక తొట్టె దగ్గర కూర్చోవడానికి మాత్రం తమ మనిషినే వేసుకోండి. మా ఇంట్లో ఆ పని చేయగలిగిన వాళ్ళు ఎవరూ లేరు.